కళ్ళు లేని జీవాలకి ఫ్లడ్‌లైటుతో పనేంటి?

చెన్నై నుంచి తీరం వెంబడి పోయే ఈసీఆర్ రోడ్డులో మీరు దిగిన రిసార్టు వాళ్ళు తెల్లవార్లూ సముద్రం మీదికి ఫ్లడ్‌లైట్లు కొట్టారని, దానివల్ల నీళ్ళలో ఉండే పీతలకీ పగడాలకీ ఏమన్నా అవుతుందా అని అడిగారు. "పగడానికి కళ్ళే లేవు, పైగా చెన్నైలో పగడాలే లేవు, నీకెందుకీ గోల" అని మీ స్నేహితుడు కొట్టిపారేశాడని కూడా రాశారు. వచ్చే నెల అండమాన్ వెళ్తున్నారు కాబట్టి సన్‌స్క్రీన్ సంగతీ చెప్పమన్నారు.

అవుతుంది. మీ స్నేహితుడి మాటలు రెండూ ఇంచుమించు నిజమే, కానీ వాటి మీద ఆయన తేల్చింది మాత్రం తప్పు. కాస్త పొడుగ్గానే చెబుతాను. ముప్పై ఏళ్ళు ఈ పనిమీదే ఉప్పునీళ్ళలో నానినవాణ్ణి, రిటైరయ్యి తిరువాన్మియూర్‌లో కూర్చున్నాక అడిగేవాళ్ళు దొరకడమే అరుదు.

రామేశ్వరం దగ్గరి మండపం ఊళ్ళో ఉద్యోగం చేసే రోజుల్లో మాకు రాత్రిపూట ప్లవకాల, అంటే నీళ్ళలో తేలే చిన్న జీవుల, శాంపిల్ కావలసి వచ్చేది. అమావాస్య దగ్గర్లో పడవ ఆపి, ఒక పెట్రోమాక్స్ లైటు నీటికి జానెడు ఎత్తున వేలాడదీసేవాళ్ళం. పది నిమిషాలదాకా ఏమీ ఉండదు. తర్వాత కోపిపోడ్లు, అంటే రొయ్యకి దూరపు చుట్టాలైన ఆవగింజంత జీవులు, మూగుతాయి. వాటితోపాటు గాజుముక్కల్లాంటి రొయ్య పిల్లలు, పీత లార్వాలు, గింగిరాలు తిరిగే పురుగులు. వాటిని తినడానికి వేలెడు చేపలు. ఆఖర్న కనవాలు, అదే స్క్విడ్లు, చీకట్లోంచి బాణంలా వచ్చి ఆ చేపల్ని ఎత్తుకుపోయేవి. మా బకెట్టు అరగంటలో నిండేది. నెలకి ఒకటి రెండు రాత్రులు, ఒక్క లైటుతో మేం చేసిన పని అది. మీ రిసార్టు ఏడాదికి 365 రాత్రులూ చేస్తోంది, శాంపిల్ మాత్రం తీసుకోవట్లేదు.

ఆ చిన్న ప్రాణులు పగలు లోతుల్లో నక్కి, పొద్దుగూకాక పైకి మేతకొస్తాయి. పగలైతే తినేవాళ్ళకి కనపడిపోతాయి. బరువు లెక్కన చూస్తే భూమ్మీద ఇంతకంటే పెద్ద వలస లేదు, అది రోజూ జరిగేదే. అలాంటిదాన్ని ఒక దీపం ఎంతదూరం చెదరగొడుతుందో తెలుసా? ఆర్కిటిక్‌లో నెలల తరబడి రాత్రిగా ఉండే కాలంలో ఒక పరిశోధన ఓడ దీపాలు వేసి చూస్తే 200 మీటర్ల లోతుదాకా చేపలూ ప్లవకాలూ తమ పద్ధతి మార్చుకున్నాయి. ఆ ఫలితం 2020లో అచ్చయింది.

ఇప్పుడు కళ్ళ సంగతి. చూపుకి కళ్ళు కావాలి గానీ, వెలుతురు పసిగట్టడానికి అక్కర్లేదు. సీ అర్చిన్ ఉంది కదా, రాళ్ళ సందుల్లో నల్లటి ముళ్ళబంతిలా ఉండేది. దానికి తలా లేదు, కళ్ళూ లేవు. చెయ్యి నీడ దాని మీద పడనివ్వండి, ముళ్ళన్నీ ఆ నీడ వైపే తిప్పుతుంది. వెలుతురుని పట్టే కణాలు దాని ఒళ్ళంతా ఉంటాయి. నక్షత్ర చేపకి చుట్టమైన బ్రిటిల్ స్టార్ కథ ఇంకా తమాషా. పగలొక రంగు, రాత్రొక రంగు మార్చే ఒక రకం ఉంది. దాని చేతుల మీది సున్నపు గుళికలు లెన్సుల్లా పనిచేస్తాయని 2001లో రాస్తే ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది. ఆ లెన్సుల కింద వెలుతురు పట్టే కణాలే లేవని, అవి వాటి పక్కన ఉన్నాయని 2018లో తేలింది. అయినా అది ఆకారాల్ని కొంతవరకు పోల్చుకోగలదని 2020లో రుజువైంది. మా వృత్తిలో ఇలాంటివి మామూలే.

పగడమైతే చంద్రుణ్ణే కనిపెడుతుంది. నీలి వెలుతురుకి స్పందించే క్రిప్టోక్రోమ్ అనే ప్రొటీన్లు పగడంలో ఉన్నాయని, వెన్నెలని బట్టి వాటి జన్యువుల పని మారుతుందని 2007లో చూపించారు. దీనితో దానికేం పనంటారా? పెళ్ళి ముహూర్తం. పగడం కదల్లేదు కాబట్టి అండాల్నీ బీజకణాల్నీ నీళ్ళలోకి వదిలేస్తుంది. పక్క దిబ్బ మీది పగడం కూడా అదే రాత్రి, అదే గంటలో వదిలితేనే అవి కలుస్తాయి. ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో పదులకొద్దీ జాతులు పౌర్ణమి తర్వాతి కొన్ని రాత్రుల్లో ఇలా మూకుమ్మడిగా వదులుతాయని 1980ల మొదట్లో కనిపెట్టి, 1984లో ప్రకటించారు. నెలని నీళ్ళ వెచ్చదనం చెబితే, రాత్రిని చంద్రుడు చెబుతాడు, గంటని సూర్యాస్తమయం చెబుతుంది.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది, నాకు బాగా నచ్చింది. పౌర్ణమి నాడు పొద్దు గుంకేసరికి చంద్రుడు పైకొస్తాడు కాబట్టి మధ్యలో చీకటి ఉండదు. మర్నాటి నుంచి చంద్రోదయం రోజుకి ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది, ఆ మేరకు చీకటి తెర దొరుకుతుంది. తైవాన్ పరిశోధకులు ఒక జాతి పగడం మీద పరీక్ష చేసి, దానికి సంకేతం వెన్నెల కాదని, సూర్యాస్తమయానికీ చంద్రోదయానికీ నడుమ వచ్చే ఆ చీకటేనని 2021లో తేల్చారు. అంటే మీ ఫ్లడ్‌లైటు అక్కడున్నదాన్ని పెంచడం లేదు, పగడం ఎదురుచూసే చీకటిని తినేస్తోంది. రాత్రి దీపాలు తగిలే దిబ్బల మీద పగడాలు చీకటి దిబ్బల కంటే ఒకటి నుంచి మూడు రోజులు ముందుగా, పౌర్ణమికి దగ్గరగా, అండాలు వదులుతున్నాయని 2023లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. మూడు రోజులే కదా అనిపిస్తుంది. ఊరివాళ్ళంతా వెళ్ళిపోయాక మండపానికి చేరిన పెళ్ళికొడుకుని అడగండి.

ఇదంతా ఎక్కడో ఆస్ట్రేలియా సంగతి అనుకోకండి. నెల్లూరు, భీమవరం వైపు ఏ రొయ్యల రైతునైనా కదిపి చూడండి. అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్య పొర విడుస్తుందని, ఆ రోజుల్లో మేత తగ్గించాలని, చెరువుకి మినరల్స్ చల్లాలని ఆయనే మీకు పాఠం చెబుతాడు. పౌర్ణమి ఎండ్రకాయలో కండ ఉండదని మా అమ్మ ఆ వారం కొనేదే కాదు. ఆ మాట అన్ని రకాలకీ చెల్లదు లెండి. మధ్యధరా తీరంలోనూ చేపలమ్మేవాళ్ళకి ఇలాంటి నమ్మకమే ఉండేది. మన్రో ఫాక్స్ అనే ఇంగ్లీషు జంతుశాస్త్రవేత్త 1920ల్లో పనిగట్టుకుని పరీక్షించి, సూయజ్ దగ్గరి ఒక సీ అర్చిన్ విషయంలో అది నిజమేనని, మిగతా చాలావాటి విషయంలో కాదని తేల్చాడు.

ఒక లెక్క చెబుతాను. వెలుతురుని లక్సుల్లో కొలుస్తారు. నిండు వెన్నెల 0.3 లక్సు దాటడం అరుదు. వీధి దీపం కింద పది పదిహేను లక్సులుంటుంది. 0.3ని పట్టుకుని తిథి లెక్కపెట్టే ప్రాణికి పదిహేను లక్సులంటే ఏమిటో మీరే ఊహించుకోండి. పైగా దీపాల జాతి మారింది. ఒకప్పుడు మన రోడ్ల మీద పసుపు సోడియం దీపాలుండేవి. ఇప్పుడన్నీ తెల్ల ఎల్ఈడీలు, వాటిలో నీలి పాలు ఎక్కువ. సముద్రపు నీరు ఎరుపుని మొదటి కొన్ని మీటర్లలోనే మింగేస్తుంది, నీలాన్ని మాత్రం లోతుకి పోనిస్తుంది. కరెంటు ఆదా అయింది, సంతోషమే, కానీ నీళ్ళలో దూరంగా వెళ్ళే రంగునే ఎంచుకుని మరీ పెట్టుకున్నాం. ప్రపంచ తీరాల్లో 19 లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రంలో, ఒక మీటరు లోతున, జీవాల మీద పనిచేసేంత రాత్రి వెలుతురు పడుతోందని 2021లో ఒక అట్లాస్ లెక్కగట్టింది. మబ్బు పట్టిన రాత్రి ఇంకా ఎక్కువ. చెన్నై వెలుతురంతా మబ్బుకి కొట్టుకుని కిందికి తిరిగొస్తుంది. ఐప్పసి (అక్టోబరు, నవంబరు) వానల్లో మేడెక్కి తూర్పుకి చూడండి, ఆకాశం నారింజ రంగులో ఉంటుంది.

చెన్నైలో పగడాలు లేవన్న మాటకొద్దాం. రామేశ్వరం నుంచి తూత్తుకుడిదాకా గల్ఫ్ ఆఫ్ మన్నార్‌లో 21 దీవుల చుట్టూ ఉన్నట్టు ఇక్కడ దిబ్బలు లేవు, నిజమే. ఇసుక అడుగు, కదిలే ఒడ్డు, వరద నీళ్ళు. కృష్ణా గోదావరుల ముందు పగడపు దిబ్బలు కట్టకపోవడానికీ అదే కారణం, మంచినీళ్ళూ ఒండ్రూ పగడానికి పడవు. అయినా మద్రాసుకి ఆ దీవులతో చుట్టరికం పాతదే. ఇక్కడి మ్యూజియం సూపరింటెండెంటుగా ఉన్న ఎడ్గర్ థర్‌స్టన్ మన్నార్ ముత్యాల వేట గురించీ శంఖాల గురించీ రాసినవాడు. మెరీనాలో అక్వేరియం పెట్టాలన్నది ఆయన ఆలోచనే. 1909లో తెరిచారు, రెండో ప్రపంచ యుద్ధంలో మూసేశారు.

పగడాలు లేనంత మాత్రాన ఖాళీ అనుకోకండి. 1870ల్లో హార్బరు గోడలు కట్టడం మొదలయ్యాక ఉత్తరానికి కొట్టుకెళ్ళే ఇసుక దక్షిణాన ఆగిపోయి మెరీనా వెడల్పయింది, అటు రాయపురం వైపు కోత పడింది. ఆ కోతకి అడ్డంగా పోసిన రాళ్ళ మీద ఆల్చిప్పలు, రాళ్ళకి అతుక్కుని బతికే గుల్ల జీవులైన బార్నకిళ్ళు, స్పంజికలు కాపురం పెట్టాయి. వీటి లార్వాలు నీళ్ళలో తేలుతూ వచ్చి, ఎక్కడ అతుక్కోవాలో నిర్ణయించుకునేది చాలావరకు వెలుతురు చూసే. ఒకసారి అతుక్కుంటే బార్నకిల్‌కి ఇల్లు మారే వీల్లేదు. ఒడ్డున బొరియల్లో ఉండే ఇసుక పీతలు, అలల అంచున తాబేలు పిల్లలు, వీటి సంగతి వేరే చెప్పక్కర్లేదు. బెసంట్ నగర్, నీలాంగరై వైపు 1988 నుంచి ప్రతి సీజనులోనూ రాత్రంతా నడిచి తాబేలు గుడ్లు కాపాడుతున్న విద్యార్థుల్ని అడిగితే, పుట్టిన పిల్లలు సముద్రం వదిలేసి రోడ్డు దీపాల వైపు ఎలా పాకుతాయో చెబుతారు.

రాత్రి వెలుతురు ఒక ఎత్తు, పగటి వెలుతురు ఇంకో ఎత్తు. నన్నడిగితే పగడానికి ప్రాణం తీసేది రెండోదే.

పగడం ఒళ్ళో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు అద్దెకుంటాయి. ఎండలో చక్కెర వండి, అందులో సింహభాగం అద్దెగా ఇచ్చేస్తాయి. పగడం తిండిలో ఎక్కువ భాగం ఇదే. అంటే ఎండ దానికి అన్నం. కానీ నీళ్ళు మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిచాయనుకోండి, ఆ వంట యంత్రం మొరాయిస్తుంది. గానుగ ఇరుక్కుపోయినా పైనుంచి ఎవరో చెరకు తోస్తూనే ఉన్నట్టు, ఎండ మాత్రం పడుతూనే ఉంటుంది. వాడుకోలేని ఆ శక్తి విషపు ఆక్సిజన్ రూపాలుగా మారి కణాల్ని కాలుస్తుంది. అప్పుడు పగడం తన అద్దెవాళ్ళని తనే బయటికి తోసేస్తుంది. రంగు వాళ్ళదే కాబట్టి కింది సున్నపు అస్థిపంజరం తెల్లగా కనపడుతుంది. అదే బ్లీచింగ్. తెల్లబడగానే చచ్చిపోయినట్టు కాదు, అది ఉపవాసం. నీళ్ళు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది.

ఇందులో వేడి పాత్ర అందరికీ తెలుసు, వెలుతురు పాత్ర పేపర్లు రాయవు. పగడం తెల్లబడుతున్నప్పుడు దగ్గరికెళ్ళి చూస్తే ఎండ తగిలే పైభాగం ముందు తెల్లబడుతుంది, నీడలో ఉన్న కింది వైపు ఇంకా గోధుమ రంగులోనే ఉంటుంది. అదే పగడం, అదే నీరు, అదే వేడి. 1998లో ప్రపంచమంతా దిబ్బలు తెల్లబడితే తాహితీ చుట్టుపక్కల దీవుల్లో నష్టం తక్కువ. ఆ రోజుల్లో అక్కడ మబ్బులు కమ్ముకుని ఉండటం కాపాడి ఉండొచ్చని తర్వాత విశ్లేషించారు. మన్నార్‌లో గడ్డుకాలం ఏప్రిల్ నుంచి జూన్ దాకా. గాలి పడిపోయి నీళ్ళు అద్దంలా నిలిచిపోతే ఎండ సూటిగా అడుగుదాకా దిగుతుంది. 2010లో, 2016లో అక్కడ గట్టి దెబ్బలు తగిలాయి. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి బ్లీచింగ్ నడుస్తోందని ప్రకటించారు. ఆ ఏడాది లక్షద్వీప్ కూడా తప్పించుకోలేదు.

అలాగని ఎండ తగ్గితే మంచిదా? అదీ కాదు. డ్రెడ్జింగు మట్టి, మురుగు తెచ్చే పోషకాలతో పెరిగే నాచు, ఇవి నీళ్ళని చిక్కబరిస్తే పగడానికి అన్నం అందదు. మన్నార్‌లోని కురుసడై దీవి దగ్గర జరిగింది ఇంకో రకం. సాగు కోసం మన తీరానికి తెచ్చిన కప్పాఫైకస్ అనే సముద్రపు నాచు తప్పించుకుపోయి బతికున్న పగడాల మీద దుప్పటిలా పరుచుకుంది. 2008లో ఆ విషయం బయటపెట్టారు. నీడ పడి కొంత, ఊపిరాడక కొంత పోయాయి. అంతకుముందు దశాబ్దాల్లో ఆ దీవుల పగడాన్ని సున్నం బట్టీల కోసం తవ్వుకుపోయారు. అడ్డుగా ఉండే దిబ్బలు తగ్గి కోత పెరిగిన చోట రెండు దీవులు నీళ్ళలో మునిగే పోయాయి.

ఎవరూ అడగని సంగతి ఇంకొకటుంది. కొన్ని విషాలు చీకట్లో పడుకుని ఎండలో లేస్తాయి. 2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొని చమురు ఒలికింది, జనం బకెట్లతో తోడటం టీవీలో చూసే ఉంటారు. కంటికి కనపడే తారు తోడేశాక పని అయిపోయిందనుకుంటారు. చమురులో ఉండే కొన్ని పదార్థాలు పీత, రొయ్య, నక్షత్ర చేపల లార్వాల ఒంట్లోకి చేరతాయి. ఆ లార్వాలు గాజులా పారదర్శకం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు నేరుగా లోపలికెళ్ళి ఆ పదార్థాల్ని రెచ్చగొడతాయి. చీకటి తొట్టెలో తట్టుకున్న మోతాదులోనే ఎండ తగిలే తొట్టెలో చచ్చిపోతాయి. అందుకే ల్యాబు దీపాల కింద చేసిన విషపరీక్షల్ని నేను పూర్తిగా నమ్మను.

మీ సన్‌స్క్రీన్‌ది కూడా ఇదే కథ. ఆక్సీబెంజోన్ అనే పదార్థం మన చర్మం మీద ఎండని ఆపుతుంది. పగడాలకి చుట్టాలైన సీ అనెమొనీలూ పగడాలూ దాన్ని ఒంట్లోకి తీసుకుని, చక్కెర అణువు తగిలించి, ఎండలో విషమయ్యే రూపంలోకి మారుస్తాయని స్టాన్‌ఫోర్డ్ వాళ్ళు 2022లో చూపించారు. ఆక్సీబెంజోన్, కృత్రిమ ఎండ రెండూ ఉన్న తొట్టెలో అనెమొనీలు 17 రోజుల్లో అన్నీ పోయాయి, అతినీలలోహితం లేని తొట్టెలో బతికే ఉన్నాయి. అద్దెకుండే శైవలాలు ఆ విషాన్ని కొంత తమలో దాచుకుంటాయి కాబట్టి, తెల్లబడి అవి లేని పగడానికి దెబ్బ ఇంకా ఎక్కువ. పసిఫిక్‌లోని పలావు దేశం 2020లో, హవాయి 2021లో ఈ పదార్థం ఉన్న సన్‌స్క్రీన్ల మీద నిషేధం పెట్టాయి. సముద్రం వేడెక్కడం ముందు ఇది చిన్న సమస్యే, అతి చేసి చెప్పను. కానీ అండమాన్‌లో అందరూ దిగేది ఒకే లోతులేని చోట, ఒకే సీజనులో. పొడుగు చేతుల రాష్ గార్డ్ (ఈత చొక్కా) వేసుకుంటే క్రీము ముఖానికి సరిపోతుంది. అదీ ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ లేనిది చూసి కొనండి.

ఫ్లాష్ ఫొటోల గురించి జనం అనవసరంగా గొడవపడతారు. సముద్రపు అడుగునేల మీద బతికే చేపలతో చేసిన పరీక్షల్లో ఫ్లాష్ కంటే వాటిని కెలకడమే ఎక్కువ ఇబ్బంది పెట్టిందని తేలింది. పగడం మీద చెయ్యీ కాలూ పెట్టకుండా ఉంటే మీరు సగం మంది టూరిస్టులకంటే నయం. మహాబలిపురంలో అయినా పోర్ట్ బ్లెయిర్‌లో అయినా పగడం ముక్క ఎవరన్నా చూపిస్తే ముట్టుకోకండి. రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, అంటే చట్టం దృష్టిలో పులితో సమానం.

ఎల్ఈడీ దీపాలతో చేపలు పట్టడం గురించి ఒక్క మాట. నా పెట్రోమాక్స్ పద్ధతినే జనరేటరు పెట్టి వందరెట్లు చేస్తే అది. గుడ్లు పెట్టడానికొచ్చిన కనవాలూ పిల్ల చేపలూ కలిసి వచ్చేస్తాయి. 2017 నవంబరులో కేంద్రం నిషేధించింది.

ఇక మీ రిసార్టు. దీపాలు తీసెయ్యమంటే వినరు, 'సెక్యూరిటీ సార్' అంటారు. సెక్యూరిటీకి దారి కనపడాలి, బంగాళాఖాతం కనపడక్కర్లేదు. దీపం తల కిందికి వంచి సముద్రం వైపు రేకు అడ్డం పెట్టమనండి. తెల్లది తీసి కాషాయం లాంటి పసుపు బల్బు వెయ్యమనండి. పది దాటాక టైమరుతో ఆరిపోయేలా చూడమనండి. ముఖ్యంగా పౌర్ణమి తర్వాతి వారం, జనవరి నుంచి మే దాకా తాబేళ్ళ సీజను. కరెంటు బిల్లు తగ్గుతుందన్న మాట ముందు చెప్పండి, మిగతాది తర్వాత వింటారు. రాత్రి ఒడ్డున పీతలు చూడాలనుంటే ఫోన్ టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, చాలావాటికి ఎరుపు సరిగా తెలియదు. 2019 ఆగస్టులో మా తిరువాన్మియూర్ అలలు నాక్టిలూకా అనే మెరిసే సూక్ష్మజీవి వల్ల నీలంగా మెరిసినప్పుడు ఊరంతా ఫోన్ లైట్లు వేసుకుని వచ్చింది, వేసుకున్నవాళ్ళకి ఏమీ కనపడలేదు.

మేనేజరు ఏమన్నాడో ఇక్కడే రాయండి. నాకు తెలిసిన ఒకచోట అడ్డం రేకు పెట్టించడానికి రెండేళ్ళు పట్టింది.